వెండిలో వెండి

మా అమ్మ కాళ్ళ కడియాలు నా చేతుల్లోనే పోయాయి. దొంగలెవరూ ఎత్తుకుపోలేదు, ఇంట్లోవాళ్ళు అమ్ముకోలేదు. ఒక ముడి విప్పి మళ్ళీ వెయ్యడంలో పోయాయి. ఆ ముడి సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తెలిసి చాలా నెలలు ఊరుకున్నాను. అప్పుడు నాకు పదమూడేళ్ళు. పదమూడేళ్ళ పిల్లకు అంత మొండితనం ఎక్కడిదని ఎవరైనా అడగవచ్చు. నాది పుట్టుకతో వచ్చింది.

మేడ్చల్‌లో మా చర్చి వెనక వరుసగా ఉన్న పెంకుటిళ్ళలో చివరిది మాది. నాయిన రైల్వేలో గ్యాంగ్‌మన్. పొద్దున్నే రొట్టెల మూట కట్టుకుని పట్టాల వెంట పోయేవాడు, చీకటి పడేవేళకు వచ్చేవాడు. యుద్ధం రోజులు కాబట్టి బండ్లు ఎక్కువ, పని ఎక్కువ. వచ్చాక కాళ్ళు కడుక్కుని, ప్రార్థన చెప్పి, తిని పడుకునేవాడు. అమ్మ ఉన్నప్పుడు కూడా అంతే మాట్లాడేవాడు. అమ్మ ఉన్నప్పుడు ఆ సంగతి నాకు తెలియలేదు.

అమ్మ ఒక వానాకాలం మూడు రోజుల జ్వరంతో పోయింది. ఏడాది తిరగకముందే నాయిన శామీర్‌పేట నుంచి చిన్నమ్మను చేసుకొచ్చాడు. నా కోసమేనట. ఊళ్ళో అందరూ అదే చెప్పారు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. చిన్నమ్మకు అప్పటికి పందొమ్మిదో, ఇరవయ్యో. నాకు అక్క వయసు. వచ్చిన మరునాడే దువ్వెన పట్టుకుని, "రా బిడ్డా, జడేస్త," అంది. నేను దువ్వుకోని తలతోనే బడికి పోయాను. అట్లా చాలా రోజులు పోయాను. పంతులమ్మ చూసి ఏమీ అనేది కాదు, వరుసలోని పిల్లలు మాత్రం అనేవాళ్ళు.

ఇంట్లో ముగ్గురం. ఎవరి మూల వాళ్ళది. చిన్నమ్మ మాట్లాడితే నేను గోడలా ఉండేదాన్ని. నేను ఆమెను ఏ పిలుపుతోనూ పిలిచేదాన్ని కాదు. పిలవాల్సి వస్తే చెంబు చప్పుడు చేసేదాన్ని. నాయిన లేని పగలంతా ఆ ఇంట్లో వినిపించేది ఆమె చీపురు చప్పుడు, నా చెంబు చప్పుడు.

అమ్మ కడియాలు మాత్రం దూలం మీది కుండలో ఉండేవి. లావుగా, నునుపుగా ఉండేవి. చీలమండకు రాసుకుపోయిన లోపలి వైపు కొంచెం ఎర్రదనం తేలేది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పీట వేసుకుని కుండ దింపి వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఏడవడానికి కాదు. ఊరికే, ఎవరో దగ్గరున్నట్టు ఉండేది.

ఆ ఏడే బడిలో రసాయన శాస్త్రం మొదలైంది. నైజాం రాజ్యంలో బడి పుస్తకాలన్నీ ఉర్దూలోనే. మాది మిషన్ బడి అయినా పరీక్ష సర్కారుదే. ఉన్సుర్, మురక్కబ్, ఆమేజా. మూలకం, సమ్మేళనం, మిశ్రమం అనే తెలుగు మాటలు నాకు చాలా ఏళ్ళ తర్వాత, నేనే పంతులమ్మనయ్యాక తెలిశాయి. పిల్లలు ఆ ఉర్దూ మాటలను పాడినట్టు బట్టీ పట్టేవాళ్ళు. మా పంతులమ్మకు బట్టీ అంటే మంట. పుస్తకం మూసి ఇంటి వస్తువులతో చెప్పేది.

ఒకరోజు కమ్మరి కొలిమి దగ్గర ఏరించిన ఇనుప రజను, గంధకం పొడి ఒక కాగితం మీద కలిపింది. అయస్కాంతం తిప్పితే ఇనుమంతా లేచి దానికి అంటుకుంది, పసుపుపచ్చ పొడి కాగితం మీదే మిగిలింది. "సూసిండ్రా? పక్కపక్కన కూసున్నయి గానీ ఒకదాన్నొకటి పట్టుకోలే. ఇది ఆమేజా. ఏరితే వస్తది," అంది. తర్వాత ఆ రెంటినీ మళ్ళీ కలిపి ఒక పాత గరిటెలో పోసి నిప్పుల మీద పెట్టింది. కాసేపటికి ఎర్రగా రాజుకుని నల్లటి గడ్డ అయింది. ఇప్పుడు అయస్కాంతం ఎంత తిప్పినా గడ్డ కదలలేదు. "ఇగ ఇది ఇనుమూ కాదు, గంధకమూ కాదు. కొత్త సరుకు. ఇది మురక్కబ్. ఏరితే రాదు, దీన్ని ఇరగ్గొట్టాలె, దానికి వేరే మందు కావాలె."

"మరి ఉన్సుర్?" అని ఎవరో అడిగారు.

"దాన్ని ఎంత కాల్చు, ఎంత నూరు, అదే. దాంట్ల ఇంకొకటి లేదు. అది ఒంటరిది."

ఆ మాట నాకు బాగా నచ్చింది. మరునాడు అందరినీ ఇంటి నుంచి తలా ఒక వస్తువు తెమ్మంది. నేల మీద సుద్దతో మూడు గుండ్రాలు గీసి, తెచ్చినదాన్ని ఎవరికి తోచిన గుండ్రంలో వాళ్ళు పెట్టాలంది. ఉప్పు వచ్చింది, బొగ్గు వచ్చింది, మజ్జిగ వచ్చింది. ఒక పిల్ల పాలు తెచ్చి, అంతా తెల్లగానే ఉంది కదా అని ఒంటరి గుండ్రంలో పెట్టింది. అందరం నవ్వాం. అప్పుడు నేను లంగా మడతలోంచి అమ్మ కడియం తీసి ఆ పాల పక్కనే పెట్టాను. వెండి ఉన్సుర్ అని పుస్తకంలోనే ఉంది. తప్పుపోయే వీలు లేదు.

పంతులమ్మ కడియాన్ని తీసి లోపలి వైపు తిప్పి చూసింది. వేలితో రుద్దింది. "దీంట్ల రాగి పోసిండ్రు బిడ్డా. ఎర్రగ కనవడ్తాంది సూడు," అని మెల్లగా చెప్పి, మజ్జిగ ఉన్న ఆమేజా గుండ్రంలో పెట్టింది. ఈసారి నన్ను చూసి నవ్వారు. పాలు తెచ్చిన పిల్ల అందరికన్నా గట్టిగా నవ్వింది.

నేను కడియం లాక్కుని ఇంటికి వచ్చేశాను. మా అమ్మ వెండి కల్తీదని పదిమందిలో తేల్చిన పంతులమ్మతో వారం దాకా మాట్లాడలేదు. ఇంట్లో చెప్పుకుందామంటే ఎవరున్నారు?

చిన్నమ్మకు అప్పటికి రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి శామీర్‌పేట నుంచి వాళ్ళమ్మ వచ్చి, వాకిట్లో కూర్చుని గొంతు తగ్గించి ఒక మాట చెప్పింది. రెండో పెళ్ళామై వచ్చిన మనిషి, చనిపోయిన మొదటి ఆమె వెండితో చిన్న బిళ్ళ చేయించుకుని మెడలో కట్టుకోవాలి. కట్టుకోకపోతే ఆమె ఊరుకోదు. ఇది పాత ఆచారం. ఏసుప్రభువు మా ఇళ్ళకు వచ్చాక కూడా మూల మూలల్లో మిగిలిపోయింది. అయ్యగారికి తెలిస్తే ఆదివారం ప్రసంగంలో మమ్మల్నే ఎత్తుకుంటాడు కాబట్టి చప్పుడు చెయ్యకుండా చేసేవాళ్ళు.

నేను తలుపు వెనక నిలబడి విన్నాను. మా అమ్మ ఎవరినీ పట్టి పీడించే మనిషి కాదని అరవాలనిపించింది. అరవలేదు. చిన్నమ్మే నా దగ్గరికి వచ్చింది. "బిడ్డా, మీ అమ్మ కడియాలల్ల గింత, జొన్నగింజంత కొన కోయిస్త. మిగిలిందంత నీదే. నీ పెండ్లికి నీ కాళ్ళకే పెడ్త. సరేనా?" అంది.

నేను సరేనని అనలేదు, కాదని అనలేదు. కుండ మాత్రం దింపి ఇచ్చాను.

ఒక శనివారం ఎడ్లబండి మీద శామీర్‌పేట బయలుదేరాం. నాయిన పని మీద పోయాడు, ఇంట్లో నన్నొక్కదాన్నే వదలడం ఎందుకని వెంట తీసుకుపోయింది. ఆమె ఒళ్ళో రెండు గుడ్డ మూటలు. ఒకదాంట్లో ఆమె తెగిపోయిన గొలుసు, అరిగిన మట్టెలు. వాటిని కరిగించి కొత్తవి చేయించుకోవాలని. రెండోదాంట్లో అమ్మ కడియాలు.

అప్పట్లో మా దిక్కు అవుసలాయన దగ్గరికి, అంటే నగలు చేసే ఆయన దగ్గరికి, వెండి తీసుకుపోతే ముడే చీటీ. రాత వచ్చినవాళ్ళెవరు? కరిగించేదైతే ఒంటి ముడి. కరిగించకూడనిదైతే ముడి మీద ముడి. ఇంటికి వేరే మూస, అంటే వెండి కరిగించే మట్టి గిన్నె. ఒకే ఇంటి నుంచి ఒంటి ముళ్ళు ఎన్ని వచ్చినా ఒకే మూసలో పడతాయి. చిన్నమ్మ తన గొలుసుకు ఒక ముడి వేసింది. అమ్మ కడియాలకు రెండు ముళ్ళు వేసి, పళ్ళతో లాగి బిగించింది. నేను చూస్తూనే ఉన్నాను.

దారిలో ఎత్తు వచ్చినచోట ఎడ్లు లాగలేకపోతే ఆమె దిగి బండి వెనక నడిచింది. మూటలు నా పక్కన పెట్టింది. నేను ఆ రెండు ముళ్ళూ విప్పాను. కడియాలు కాళ్ళకు తొడుక్కున్నాను. నాకు వదులు. కాలు కదిపితే మడమ మీదికి జారాయి. ఇవి కోతబడక ముందు ఒక్కసారి తొడుక్కుంటే ఏమవుతుందని నా లెక్క. అంతలో ఎత్తు అయిపోయింది, ఆమె బండి పట్టె పట్టుకుని ఎక్కబోయింది. నేను గబగబా తీసి, గుడ్డలో చుట్టి, చేతికి వచ్చిన ముడి వేశాను. ఒక్కటే.

రెండో ముడి గుర్తుకు రాలేదని చెబితే అబద్ధం కాదు. గుర్తుకు వచ్చాక కూడా విప్పి వెయ్యలేదన్నది నిజం. ఆమె పక్కనే కూర్చుంది. ఆమె ముందు ముట్టుకుంటే తొడుక్కున్నానని తెలుస్తుంది. తెలిస్తే నవ్వుతుందేమో, జాలిపడుతుందేమో. ఆ జాలి నాకు అక్కర్లేదు.

అవుసలాయన ఇంట్లో లేడు, కీసర పోయాడట. ముసలి తల్లి ఉంది, ఆమెకు చూపు ఆనదు. చిన్నమ్మ మూటలు ఆమె చేతికిచ్చి, "రేపు పొద్దుగాల అచ్చి నేనే సెప్త," అంది. ఆ రాత్రి చిన్నమ్మ పుట్టింట్లో పడుకున్నాం. తెల్లవారి మేం వెళ్ళేసరికి అవుసలాయన కుంపటి ముందు కూర్చుని ఉన్నాడు. మూస బోర్లించి ఉంది. పట్టకారు కొన మీద ఉసిరికాయంత తెల్లటి వెండి ముద్ద.

"కడియాలేవి?" అంది చిన్నమ్మ.

"దీంట్లనే ఉన్నయి. కరిగించిన."

చిన్నమ్మ అట్లాగే నేల మీద కూర్చుండిపోయింది. "జంట ముడి ఏసిన గద అన్నా."

ఆయన రెండు గుడ్డలూ తెచ్చి చూపాడు. "మా అవ్వనడుగు. రెండూ ఒంటి ముళ్ళే ఉండె. ఒక్క ఇంటియి, ఒక్క మూసల పోసిన. నా తప్పేంది సెల్లె?"

ఆమె గుడ్డలను తిప్పి తిప్పి చూసింది. తన చేతులు చూసుకుంది. "ఏసిననుకున్న. ఏసిన్నో లేదో," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "నా చేతులార పోగొట్టిన బిడ్డా. మీ అమ్మది నీకు లేకుంట జేసిన."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఒక్క మాట చాలు. ఆ మాట నా నోట్లోనే ఉంది. బదులుగా నేనేం మాట్లాడానో తెలుసా? పాఠం చెప్పాను. "రెండు కలిస్తే అది ఆమేజా. ఆమేజాను వేరు చెయ్యొచ్చు. మా పంతులమ్మ చెప్పింది. వేరు చెయ్యి," అన్నాను అవుసలాయనతో, ఆయన నా పాలేరైనట్టు.

ఆయన కోపగించుకోలేదు. ముద్దను నా అరచేతిలో పెట్టాడు, ఇంకా వెచ్చగా ఉంది. "మీ పంతులమ్మ ఒప్పే సెప్పింది బిడ్డా. వెండిల రాగి కలిస్తె రాగిని తీస్త. వెండిల సీసం కలిస్తె సీసాన్ని తీస్త. వెండిల వెండి కలిస్తె ఏది తీయాలె? మీ అమ్మ వెండికి మీ అమ్మ పేరు ఉంటదా?"

పుస్తకంలో ఆ సంగతి రాసి ఉంది, నేనే అప్పచెప్పాను. దానిలో ఇంకొకటి ఉండదు, దానికీ దానికీ తేడా ఉండదు. బట్టీ పట్టిన మాట ఆ వాకిట్లో అర్థమైంది. నాకు నాలుగేళ్ళప్పుడు మా అమ్మ నన్ను కాళ్ళ మీద కూర్చోబెట్టి ఊపిన ఆ వెండి, చిన్నమ్మ మట్టెల వెండి, ఇప్పుడు ఒక్కటే. సృష్టిలో ఎవరూ విడదీయలేరు.

అప్పుడు నాకు పంతులమ్మ సుద్ద గుండ్రం గుర్తొచ్చింది. "మా అమ్మ వెండిల రాగి ఉండె," అన్నాను. సిగ్గుపడాల్సిన మాటను అంత ఆశగా అంటానని నేను అనుకోలేదు.

అవుసలాయన చిన్నమ్మ వైపు చూశాడు. "నీ గొలుసు, మట్టెలు నేనే జేసిన. మేలిమి వెండి. రాగి సుక్క లేదు." కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అయితే దీంట్ల ఎంత రాగి ఉన్నదో, అంత ఆమెదే."

ఆయనకు ఆ పని చెయ్యాల్సిన అవసరం లేదు. తప్పు ఆయనది కాదు. అయినా చేశాడు. పెరట్లో మట్టి చిప్పలో తేజాబ్ పోశాడు, అది లోహాన్ని తినే ఘాటు నీళ్ళు. ముక్కుకు గుడ్డ కట్టుకుని ముద్దను చిన్న ముక్కలు చేసి వేశాడు. గోధుమరంగు పొగ లేచింది. వెండి కరిగి కనబడకుండా పోయింది, నీళ్ళు మైలతుత్తంలా నీలంగా తేలాయి. "గా నీలం రాగిదే," అన్నాడు. తర్వాత ఉప్పునీళ్ళు పోస్తే పెరుగు విరిగినట్టు తెల్లటిది అడుగున దిగింది. అది వెండి. గుడ్డలో వడగట్టాడు. మిగిలిన నీలం నీళ్ళలో ఇంకా నీళ్ళు పోసి, ఒక ఇనుప మేకు వేసి, మమ్మల్ని రేపు రమ్మన్నాడు.

మరునాడు మేకు మేకులా లేదు. దాని ఒంటినిండా ఎర్రటి బురద పట్టుకుని ఉంది. ఆయన దాన్ని చిప్పలోకి గీకి, కడిగి, ఆరబెట్టి కాగితంలో పోశాడు. చిటికెడు. కుంకుమ పొట్లంలా ఉంది. మా అమ్మదని ఒట్టు పెట్టి చెప్పగలిగింది లోకంలో ఇక అదొక్కటే. కల్తీ అని నవ్వించుకున్నదే మిగిలింది.

"వెండి తూకమేసి సగం సగం జేస్త," అన్నాడు అవుసలాయన.

"తూకమేస్తే మా అమ్మ అయితదా?" అన్నాను.

చిన్నమ్మ ఆ పొట్లాన్ని చూస్తూ, ముట్టుకోకుండా అడిగింది. "కలిసిన వెండి బిళ్ళకు పనికిరాదు బిడ్డా. బతికున్నదాని సొమ్ము అండ్ల కలిసింది. ఇది ఒక్కటే ఆమెది. నువ్విస్తె దీన్నే బిళ్ళ చేయించుకుంట. ఇయ్యకుంటె ఇగ లేదు. నీ ఇష్టం."

"ఇయ్య," అన్నాను.

ఆమె మళ్ళీ అడగలేదు. తెల్లగా దిగిన వెండిని అవుసలాయన కడ్డీ చేసిస్తే, తన మట్టెల మాట కూడా ఎత్తకుండా, "ఇదంత పిల్లదే," అని నాయిన పెట్టెలో పెట్టింది. తిరుగు ప్రయాణంలో బండి మీద నేను ఒక చివర, ఆమె ఒక చివర. ఆమె మధ్య మధ్య తన వేళ్ళు చూసుకుంటూ ఉంది.

నాయినతో ఆమె ముడి తనే మరిచానని చెప్పింది. నాయిన అన్నం తింటున్నాడు. "గంత మాత్రం తెలివి లేదా," అన్నాడు. అంతే, కానీ అటు తర్వాత ఏం పోయినా, ఏం మరిచినా ఆ ముడి మాటే ఎత్తేవాడు. ఆమె తల వంచుకునేది. నేను పుస్తకంలోకి తల వంచుకునేదాన్ని.

వానాకాలంలో ఆమెకు మళ్ళీ నెల తప్పింది. ఈసారి ఎక్కువ కాలం నిలిచింది. కడుపు కనబడేదాకా నిలిచింది. రోజూ సాయంత్రం గడపలో కూర్చుని ప్రభువును అడిగేది, ఆ తర్వాత గొంతు తగ్గించి మా అమ్మను కూడా అడిగేది. "అక్కా, నేను కావాలని జేయలే," అనేది. నాకు వినబడేది. నా పొట్లం నా పుస్తకాల సంచిలో ఉండేది. చనిపోయినవాళ్ళు పగబడతారన్న మాటను పంతులమ్మ ఏ గుండ్రంలోనూ పెట్టలేదు, నేను శాస్త్రం చదువుతున్నదాన్ని, నాకేంటి అనుకున్నాను. అంత తెలివి నాది.

ఏడో నెలలో పిల్ల చనిపోయి పుట్టింది. ఆడపిల్ల. నాయిన, అయ్యగారు గుడ్డలో చుట్టి తీసుకుపోయారు. బిళ్ళ లేనందుకు పిల్ల పోలేదు. అది నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. కానీ ఆమె అట్లా అనుకోలేదు. గోడకు ఆనుకుని, రెండు చేతులూ ఒళ్ళో బోర్లించి పెట్టుకుని, "ఈ చేతులు ఇరగ. ఒక్క ముడి సక్కగ ఏయరాకపాయె," అని ఆ చేతులనే తిట్టుకుంటూ కూర్చునేది. పాలు వచ్చి రవిక తడిసేది. అట్లా ఎన్ని రోజులో.

నేను సంచిలోంచి పొట్లం తీశాను. ఇచ్చేద్దామనే తీశాను. విప్పి చూస్తే ఎరుపు లేదు. నల్లటి మసి ఉంది.

బడికి పరుగెత్తాను. పంతులమ్మ కొంచెం వేలి మీద వేసుకుని చూసింది. "గాలిల ఉన్నదాన్ని పట్టుకున్నది. ఇగ ఇది వట్టి రాగి కాదు, మురక్కబ్ అయింది," అంది. నా ముఖం చూసి ఇంకో మాట చేర్చింది. "పోలేదు బిడ్డా. అండ్లనే ఉన్నది. బొగ్గుతోని బాగ కాలిస్తె, గాలి బొగ్గును పట్టుకుని పోతది. రాగి రాగిలెక్క మిగుల్తది."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ వారమే శామీర్‌పేట పోయే బండి అడిగి ఎక్కాను. మొదటిసారి ఒక్కదాన్నే పోయాను. అవుసలాయనకు పొట్లం చేతిలో పెట్టి, పంతులమ్మ మాట చెప్పాను. ఆయన బొగ్గు నూరి దానిలో కలిపి, మూస మీద మూత పెట్టి, చాలాసేపు ఊదాడు. అడుగున జొన్నగింజంత ఎర్రటి పూస దొరికింది. దాన్నే సుత్తితో బిళ్ళగా సాగగొట్టి, చిన్న రంధ్రం పెట్టాడు.

"మీ చిన్నమ్మకా?" అని అడిగాడు.

"ఆ."

"గప్పుడే ఇయ్యకపోతివి," అన్నాడు. కుంపటిలో నిప్పులు సర్దుకుంటూ మామూలుగానే అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం. చిన్నమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను బిళ్ళను చాట అంచు మీద పెట్టాను. ఏమిటని అడగాల్సిన పని లేకపోయింది. ఆమె దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది, కళ్ళకద్దుకుంది. తర్వాత నన్ను చూసి నవ్వబోయింది. ఆ నవ్వు పూర్తిగా రాకముందే చెప్పేశాను. వచ్చాక అయితే చెప్పలేకపోయేదాన్ని.

"బండిల నువ్వు దిగి నడుస్తున్నప్పుడు ముడి నేనే ఇప్పిన, చిన్నమ్మా. కాళ్ళకు పెట్టుకుని సూసుకున్న. మళ్ళ ఒక్కటే ముడి ఏసిన. నువ్వు ఏసింది జంట ముడే."

చిన్నమ్మా అని నేను ఆమెను పిలవడం అదే మొదలు. ఆమె ఆ పిలుపు విన్నదో లేదో తెలియదు. చాట పక్కన పెట్టింది. నా ముఖంలోకి చూసింది. ఆ కళ్ళలో కోపం ఉంటే బాగుండేది. నేను కోపానికే సిద్ధపడి వచ్చాను.

"మరి గిన్ని దినాలు," అంది, "నేనొక్కదాన్నే నా చేతులను తిట్టుకుంట ఏడుస్తుంటె, ఇంట్లనే ఉండి, నువ్వెట్ల సూసుకుంట కూసున్నవ్?"

జవాబు కోసం ఆగింది. నిజంగానే జవాబు కోసం ఆగింది. ఇప్పుడు ఆమె లేదు, ఆ ప్రశ్న ఉంది.

ఆమె లేచి పొయ్యి దగ్గరికి పోయింది. పళ్ళెంలో అన్నం పెట్టి, పప్పు పోసి, నా ముందు పెట్టింది. పొద్దున ఏమీ తినకుండా పోయానని ఆమెకు తెలుసు. తను తినలేదు. బయటికి పోయి వాకిట్లో, రైలుకట్ట వైపు తిరిగి కూర్చుంది. నేను పెట్టినదంతా తిన్నాను. ఇంకేం చెయ్యాలో నాకు తెలియలేదు.